జడలు వేసే మనిషి కావాలి

ఆ రోజు ఎనిమిదో తరగతిలో పద్యం చదువుతూ మధ్యలో ఆగిపోయాను. దగ్గు. పద్యం తప్పిందని పిల్లలు సంతోషించారు. నేను సుద్దపొడి మీద అనుమానపడ్డాను. తెలుగు టీచర్ని, తప్పులు వెతకడమే నా వృత్తి. నా ఒంట్లో తప్పు మాత్రం చాలాకాలం వెతకలేదు.

సాయంత్రాలు జ్వరం వచ్చేది. జాకెట్లు వదులయ్యాయి. సన్నబడ్డానని మురిసిపోయాను కూడా. నాకు పెళ్లి కాలేదు. మా చెల్లీ, మరిదీ రోడ్డు ప్రమాదంలో పోయాక వాళ్ల పిల్లలు కెజియా, మెర్సీ రేపల్లెలో నా దగ్గరే ఉంటున్నారు.

ఒకరోజు రుమాలులో రక్తపు చార కనబడింది. తెనాలి రైలెక్కాను. ఎక్స్‌రే, కళ్లె పరీక్ష అయ్యాక డాక్టరు గారు, "లంగ్స్‌లో టీబీ అమ్మా. మందులకు తగ్గుతుంది. మాస్క్ పెట్టుకోండి, పిల్లలకు కూడా స్క్రీనింగ్ చేయించండి" అన్నారు. పిల్లలకు ఏమీ లేదని తేలాకే నాకు నా జబ్బు గుర్తొచ్చింది.

దగ్గు వల్ల దగ్గరివాళ్లు దూరమయ్యారు. ఆ ముక్క నేనే కట్టుకుని నేనే నవ్వుకున్నాను; వినేవాళ్లు లేరు మరి. ఆ వారమే మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు పాస్టరమ్మ గారి వెంట వచ్చి వరండాలో ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకోలేదు. అంతకుముందు మా వీధిలో ఒక నాయనమ్మ మంచాన పడితే ఇలాగే ప్రార్థన చేసి, ఆమె మనవరాలిని బాపట్లలో హాస్టల్లో చేర్చారు. మంచికే చేశారు. ఆ పిల్ల మళ్లీ ఆ ఇంటికి రాలేదు.

ప్రార్థన అయ్యాక పాస్టరమ్మ గారు సంచిలోంచి టేపు తీసి కెజియా భుజాలు కొలిచారు. నాకు బాపట్ల గుర్తొచ్చింది. హాస్టల్ యూనిఫామే!

"కొలతలెందుకండీ?"

"క్రిస్మస్ వస్తోంది కదా టీచర్ గారూ, పిల్లలకు గౌన్లు కుట్టిద్దామని."

హమ్మయ్య అనుకునేలోగా కెజియా లోపలికెళ్లి తలుపేసుకుంది. మా చర్చిలో ఒక పద్ధతుంది. ఏటా తల్లిదండ్రులు లేని పిల్లలందరికీ ఒకే పూల తానులోంచి బట్టలు కుట్టిస్తారు. క్రిస్మస్ ఆరాధనలో ముందుకు పిలిచి ప్రార్థిస్తారు. ఆ తర్వాత ఆ పూల గుడ్డ ఏ వీధిలో కనబడినా "పాపం, ఫలానా వాళ్ల పిల్ల" అంటారు.

"పెద్దమ్మా, ఆ గుడ్డ నేను వేసుకోను. అమ్మ లేదని వీపు మీద రాసినట్టుంటుంది" అంది తలుపు అవతలి నుంచి.

అందరికీ వినబడింది. పాస్టరమ్మ గారు టేపుని వేలికి చుట్టుకున్నారు. "ఒకే తానయితే పిల్లల మధ్య తేడా ఉండదనుకున్నామండి. ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదు." తర్వాత నా వైపు తిరిగి, "మరి మీకేం కావాలండి?" అన్నారు.

ఆ మాట అప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. "పొద్దున్నే మందులు మింగి వాంతులు చేసుకుంటానండి. ఆ వేళకి పిల్లలకు జడలు వేసే మనిషి కావాలి" అన్నాను.

మర్నాటి నుంచి వంతులవారీగా వచ్చి వరండాలో కూర్చుని జడలు వేశారు. జడల వంకతో నా వంటిల్లు చూడ్డానికి వస్తున్నారని నా అనుమానం. వాళ్లలో మరియమ్మ అనే ఆమె కొబ్బరినూనె కూడా తనే తెచ్చుకునేది.

"ఏంటి టీచరమ్మా, తలుపు సందులోంచి కాపలా? మీ వంటింట్లోకి రమ్మన్నా రాను. వస్తే గిన్నెలు తోమాల్సొస్తుంది."

రెండో నెలలో కళ్లు పచ్చబడ్డాయి. "లివర్ ఎఫెక్ట్ అయింది. అడ్మిట్ అవ్వండి. మందులు ఆపి, తర్వాత ఒక్కొక్కటే మళ్లీ మొదలుపెడదాం" అన్నారు డాక్టరు గారు. ఇక బాపట్ల తప్పదనుకుని, తెనాలి ఆసుపత్రి మంచం మీంచి నేనే ఫోన్ చేశాను.

"పిల్లల్ని ఎప్పుడు తీసుకెళ్తున్నారండీ?"

"ఎక్కడికండీ?" అన్నారు పాస్టరమ్మ గారు. "మరియమ్మ సంచి సర్దుకుని మీ ఇంటికే వచ్చేసింది. పిల్లలెందుకు కదలాలి, పెద్దవాళ్లం మనం కదులుదాం."

నమ్మలేదు. వీడియో కాల్ చేశాను. కెజియా ఫోన్ తిప్పి చూపించింది. "ఇదిగో ఇల్లు. ఇదిగో మెర్సీ. ఇదిగో మరియమ్మత్త, గిన్నెలు తోముతోంది. చాలా, పెద్దమ్మా?"

అటు తిరిగి పడుకుని ఏడ్చాను. కళ్లు పచ్చగా ఉంటే కన్నీళ్లు కూడా పచ్చగా వస్తాయేమోనని తుడుచుకుని చూశాను. రాలేదు.

క్రిస్మస్‌కు ముందే ఇంటికొచ్చాను. ఈసారి చర్చివాళ్లు గుడ్డ తాను కొనలేదు. మరియమ్మ పిల్లల్ని తెనాలి తీసుకెళ్లి, నచ్చింది ఎంచుకోమంది. కెజియా బూడిదరంగు చుడీదార్ తెచ్చుకుంది. నాకు నచ్చలేదు. ఆరాధనలో ఎవరినీ ముందుకు పిలవలేదు. ఆ బూడిదరంగు జనంలో కలిసిపోయి, నాకే వెంటనే కనబడలేదు. అప్పుడు నచ్చింది.

మందుల కోర్సు పూర్తయింది. ఆఖరి పరీక్ష నెగటివ్ వచ్చింది. మళ్లీ పద్యం చివరిదాకా చదువుతున్నాను, పిల్లల ఖర్మ. కెజియా తన జడ తనే వేసుకుంటోంది. మరియమ్మ మెర్సీ కోసం ఇంకా వస్తోంది. నా కాఫీ కోసమేనని నా అనుమానం.

మీ సంఘంలో ఇలాంటి పిల్లలుంటే నేను చెప్పేది ఒక్కటే. టేపు తీసేముందు, వాళ్లను పెంచే మనిషిని పక్కకు పిలిచి, పొద్దున్నే ఆ ఇంట్లో ఏ పని ఆగిపోతోందో అడగండి. ఆ పనికి మనిషిని పంపండి.