పాటల హాల్లో నా పాట

గుంటూరులో నా పరువు ఎప్పుడు పోయిందని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్పగలను. మాఘమాసం, ఆదివారం, ఉదయం పదింపావుకు. పదికి కాదు. మొదటి పావుగంటా పరువు నిక్షేపంగానే ఉంది.

ముందు ఆ హాలు సంగతి చెప్పాలి. మా వీధి చివర ఉండేది, అందరూ పాటల హాలు అనేవాళ్లు. చెక్క కప్పు, పొడవాటి బెంచీలు. మైకు అక్కర్లేదు, గాయకుడు ఊపిరి పీల్చుకున్నా వెనక వరసకు వినపడేది. కరెంటు పోయినా కచేరీ ఆగేది కాదు, విసనకర్రలు మాత్రం తాళం తప్పేవి. ఆ వేదిక మీద ఒక్కసారి పాడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ. పెళ్లి, పిల్లలు, లెక్కల టీచరు ఉద్యోగం ముగిసేసరికి హాలుకు తాళం పడింది.

ఇప్పుడు ఊళ్లో ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. అక్కడ పాట చెవికి వినపడదు, వచ్చి డొక్కలో తగులుతుంది. మంచి కచేరీ కావాలంటే బెజవాడ బస్సెక్కాలి. తిరుగు బస్సు కోసం మధ్యలోనే లేచి రావాలి కాబట్టి, మంగళం ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను.

ఆరేళ్ల కిందట ఒకరోజు కూరగాయలకు వెళ్తూ చూస్తే హాలు గేటు తీసి ఉంది. వాచ్‌మన్ మస్తాన్ వరండా ఊడుస్తున్నాడు.

"ఏం మస్తాన్, తెరిచారే?"

"ఆదివారం పొద్దున పదింటికి పాట ఉందమ్మా."

నా చేతిలో సంచి జారిపోయింది. "ఎవరు పాడతారు?"

"ఎవరైనా పాడొచ్చు. ముందు డిపాజిట్ కట్టాలి."

"పాడటానికి డిపాజిట్ ఏంటయ్యా?"

"లేకపోతే ఊరికే వచ్చి కూర్చుని పోతారమ్మా."

న్యాయమే అనిపించింది. "నియమాలేమైనా ఉన్నాయా?"

"ఏముందమ్మా, కింద మొదలుపెట్టి మెల్లగా పైకి పోవాలి. మీకంటే పైకి ఎవరూ పాడకపోతే మీదే."

సంగీతాన్ని ఇంత క్లుప్తంగా చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. అక్కడికక్కడే డిపాజిట్ కట్టేశాను. నెలనెలా చీటీ పాడే మనిషిని, ఈ ఊళ్లో పాట అంటే ముందు ఏం గుర్తుకు రావాలో అది నాకు గుర్తుకు రాలేదు.

తోడుగా సారమ్మను రమ్మన్నాను. మా బడిలోనే పనిచేసింది, చర్చిలో పాటల బృందంలో పాడుతుంది.

"ఏమే రత్నం, ఈ వయసులో పై షడ్జం అందుతుందా నీకు?"

"అందకపోతే నువ్వందుకో."

ఆదివారం పట్టుచీర కట్టుకుని, బుగ్గన మిరియాలూ కలకండా పెట్టుకుని వెళ్లాను. హాలు నిండా జనం. కొందరు వంగి బెంచీల కాళ్లు తట్టి చూస్తున్నారు. రసికులకు బెంచీల మీద ఇంత శ్రద్ధేమిటా అనుకున్నాను. ముందు చోటు దొరక్క సారమ్మ వెనక వరసలో కూర్చుంది.

వేదిక మీద కళ్లద్దాలాయన లేచి, "మొదటి సామాను, ముందు వరస బెంచీ. ఎవరు పాడతారు?" అన్నాడు.

నా చెవికెక్కింది చివరి రెండు మాటలే. "నేను" అని చెయ్యెత్తాను. మెట్లెక్కి, చాప లేకపోతే పైట కొంగు పరుచుకుని కూర్చుని, ఫోనులో తంబురా పెట్టి మోహన రాగం ఎత్తుకున్నాను.

నా పాటలో నాకు వినపడలేదు గానీ, పొదిలి నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారి పక్కవాణ్ణి గిల్లాడట. "ఏందిది, వేలానికి ముందు ప్రార్థనా?"

"అదే అయ్యుంటది. చెప్పులిప్పు."

వరస మొత్తం చెప్పులిప్పింది. నేను సరిగ్గా పై షడ్జం మీద ఉండగా వెనక నుంచి సారమ్మ గుసగుస వినపడింది. ఆ హాలు అంత మంచిది మరి, గుసగుస కూడా అక్షరం పొల్లుపోకుండా వేదిక మీదికి వచ్చింది.

"రత్నం, ఇది వేలం పాటే. రేపు హాలు పడగొడతారంట."

టైము పదింపావు. అప్పుడే ఆపి ఉంటే సగం పరువైనా దక్కేది. కానీ నేను వదిలిన షడ్జం చెక్క కప్పును తాకి, చిన్నప్పుడు విన్నట్టే మెత్తగా తిరిగొచ్చింది. రేపటి నుంచి దానికి తిరిగిరావడానికి చోటుండదు. అందుకని చరణం పాడాను. మంగళం కూడా పాడాను.

కళ్లద్దాలాయన అద్దాలు తుడుచుకుని, "ఇంతకంటే పైకి పాడేవాళ్లున్నారా?" అన్నాడు. "ఒకటోసారి. రెండోసారి."

"మా వల్ల కాదు సార్. ఆమెకే రాసెయ్యండి" అన్నాడు పొదిలి ఆయన.

"మూడోసారి. బెంచీ అమ్మగారిది."

అదిప్పుడు మా వరండాలో గుమ్మానికి సగం అడ్డంగా ఉంది. ఇంటికొచ్చినవాళ్లు పీతల్లాగా పక్కకు నడిచి లోపలికి రావాలి. సాయంత్రాలు సారమ్మ దాని మీద కూర్చుని, "పాడవే, డిపాజిట్ అక్కర్లేదు" అంటుంది. పాడతాను. ఆ స్వరం రోడ్డు మీదికి పోతుంది గానీ తిరిగి రాదు.

కాబట్టి పెద్దల సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఇక ఈ జన్మలో గుంటూరులో ఏ పాటల హాల్లోనూ, అది ఏ పాటో కనుక్కోకుండా పాట ఎత్తుకోను. ఈ ఒట్టు తప్పుదామన్నా, తప్పడానికి ఊళ్లో పాటల హాలు లేదు.