మేనమామ తల మీద మొట్టికాయ

నేను మూడో ఫారంలో, అంటే ఎనిమిదో తరగతిలో, చేరేనాటికి నాకు పదిహేడేళ్లు. తక్కిన పిల్లలకు పన్నెండు, పదమూడు. వాళ్లలో మా అక్క కొడుకు ఒకడు.

నాన్న పోయాక నాలుగో తరగతితో చదువు మానిపించి నన్ను బరంపురంలో ఒక పట్టుబట్టల కొట్లో పెట్టారు. సాయంత్రం కొట్లోంచి బయటపడితే నేరుగా గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. అల్మారాల దుమ్ము దులిపి పెట్టేవాణ్ణి కాబట్టి, బల్ల దగ్గర చోటు లేకపోయినా నేల మీద కూర్చుని చదువుకోనిచ్చేవారు. దేశదేశాల చరిత్రలు చదివాను. నిరంకుశుడు, సార్వభౌముడు, ప్రజాప్రతినిధి వంటి మాటలు నాకు వచ్చునని అందరికీ తెలిసేలాగే మాట్లాడేవాణ్ణి. ఒకసారి చీర మడత విప్పుతూ "ఈ అంచు సర్వోత్కృష్టమైనదండీ" అన్నాను. కొనడానికి వచ్చిన ఆవిడ అదేదో లోపం కాబోలనుకుని చీర వదిలేసి వెళ్లిపోయింది. నేనేమీ సిగ్గుపడలేదు. ఆవిడ మీద జాలిపడ్డాను.

గ్రంథాలయానికి వచ్చే మేష్టారొకరు నా చదువు చూసి ముచ్చటపడ్డారు. హెడ్మాస్టరుతో మాట్లాడి, పరీక్ష పెట్టించి, నన్ను తమ తరగతిలోనే చేర్చుకున్నారు. మా బావ కోర్టులో గుమాస్తా. అంతకు ముందు అస్కాలో పనిచేసి బరంపురానికి బదిలీ అయి వచ్చాడు. అతని ఇంట్లోనే ఉండి, మేనల్లుడితో కలిసి నేనూ బడికి బయలుదేరాను.

మేష్టారే మాకు చరిత్ర, భూగోళం, తెలుగు మూడూ చెప్పేవారు. చరిత్ర పాఠంలో వచ్చిన మాట తెలుగు గంటలో మళ్లీ రావాలనేవారు. శనివారం మమ్మల్ని గోడ వెంట వరసగా నిలబెట్టి ఒక్కొక్కరిని ఒక్కో మాట అడిగేవారు. అర్థం చెప్పాలి, పాఠంలోంచి ఒక వాక్యం చెప్పాలి, ఇంట్లోదో ఊళ్లోదో ఇంకో వాక్యం చెప్పాలి. చెప్పలేకపోతే మాట పక్కవాడికి వెళ్తుంది, ఇక వాడి వంతు అదే. ఎవడు చెప్పగలిగితే వాడు, తప్పినవాళ్ల తలల మీద తలా ఒక మొట్టికాయ వేసి వాళ్లకంటే పైన నిలబడతాడు. చివరివాడు కూడా తప్పితే మాట మళ్లీ వరస మొదటికి వెళ్తుంది.

మొదటి శనివారం మేష్టారు నన్ను అందరికంటే ముందు నిలబెట్టారు.

"ఇతను గ్రంథాలయమంతా చదివాడర్రా. చూసి నేర్చుకోండి."

అప్పటిదాకా ఆ చోటు మా మేనల్లుడిది. వాడు నవ్వుకుంటూ ఒక అడుగు కిందికి జరిగాడు.

నాకు వచ్చిన మాట ఎగుమతి. అర్థం చెప్పాను, పాఠంలోంచి వాక్యం చెప్పాను. రెండో వాక్యంగా, సముద్రాలకు అవతల ఏదో దేశం నుంచి ఉన్ని ఎగుమతి అవుతుందని గంభీరంగా ముగించాను.

"ఇది ఎక్కడిది?" అన్నారు మేష్టారు.

"గ్రంథాలయంలో చదివానండి."

"అది పుస్తకం వాక్యమే కదయ్యా. నీ వాక్యం ఏది?"

మాట మేనల్లుడికి వెళ్లింది. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. వాడి పక్కన గోపాల్‌పూర్ నుంచి వచ్చి చదువుకునే కుర్రాడున్నాడు. వాడు గబగబా అర్థం, పాఠం వాక్యం అప్పగించేసి అందుకున్నాడు.

"మా బాబుని గోపాలపురంలో ఓడెక్కించి రంగానికి ఎగుమతి సేసేరు మేష్టారూ!"

రంగం అంటే రంగూను. తరగతంతా నవ్వింది.

"మరి దిగుమతి ఎప్పుడురా?"

"డబ్బులు దిగుమతైతే సాలంటాది మాయమ్మ."

మేష్టారు కూడా నవ్వారు. ఆ కుర్రాడు మా వాడి తల మీద ఒకటి మొట్టి నా దగ్గరికి వచ్చాడు. నా తల అందలేదు. బెంచీ ఎక్కాడు.

"కొంచెం వొంగు అజా!"

అజా అంటే ఒడియాలో తాత. ఆ రోజు నుంచి తరగతిలో నా పేరు అదే అయింది.

అలా మొదలై ప్రతి శనివారం మేమిద్దరం కిందికి జారాం. నేను తప్పడం, మాట మేనల్లుడికి వెళ్లడం, వాడు నోరు మెదపకపోవడం, ఎవడో ఒకడు మా ఇద్దరినీ మొట్టడం. ఇంటి వాక్యం అడిగితే నా బుర్రలో అల్మారాలు తప్ప ఇంకేమీ కనపడేది కాదు. వరస చిట్టచివరికి చేరాం. నా తరవాత వాడు, వాడి తరవాత గోడ.

ఒకరోజు అన్నాల దగ్గర బావ, కొడుకు వైపు చూపిస్తూ మాట తీశాడు.

"మేష్టారు కనపడ్డారు. ఈడికి మాటలు అంటడం లేదంట. ఈ ఏటితో సదువు సాలు. అస్కాలో బెల్లం కొట్టాయనతో మాటాడతాను. లెక్కలు రాసుకుంటాడు."

అక్క గరిటె ఆపింది. "హైస్కూలో?"

"ఏటి హైస్కూలు? మాటలు రానోడికి హైస్కూలేటి?"

మేనల్లుడు తలెత్తలేదు. నేను కూడా పెద్దమనిషిలా తలూపి, చదువు అందరికీ అబ్బదనే అర్థం వచ్చేలా ఏదో అన్నాను.

మర్నాడు బడికి వెళ్లే దారిలో గోపాల్‌పూర్ కుర్రాడు నా పక్కకి వచ్చాడు. మా వాడు ముందు నడుస్తున్నాడు.

"అజా, నీ మూలాన ఆడు సెడిపోతన్నాడు."

"నా మూలాన ఏటి?"

"ఆడికి రాదనుకుంటన్నావా? మాకందరికీ సెప్పేది ఆడే. నీ తరవాత సెప్తే నీ బుర్ర మీద మొట్టాల కదా. మావయ్యని మొట్టితే కళ్లు పోతాయంటాడు."

నా ఒళ్లంతా సెగ పుట్టింది. సాయంత్రం మేనల్లుణ్ణి పెరట్లోకి పిలిచి అడిగాను.

"నీకు వచ్చి కూడా ఊరుకుంటన్నావా?"

వాడు తలూపాడు.

"నన్ను మొట్టితే కళ్లు పోవు. రేపు శనివారం సెప్పాల నువ్వు."

"నువ్వే సెప్పీ మావయ్యా," అన్నాడు మెల్లగా. "నువ్వు సెప్పీస్తే గొడవే లేదు కదా. పుస్తకంలోది వద్దు. అమ్మ దగ్గరిదో, వీధిలోదో ఒకటి సెప్పీ."

వాడు నన్ను ఎత్తిపొడవడం లేదు. పసివాడికి అన్నం కలిపి పెడుతున్నట్టు చెప్తున్నాడు. నిజంగానే ప్రయత్నించాలనుకున్నాను. ఇంటి వాక్యాలు నేర్చుకోవడానికి ఆ సాయంత్రం ఎక్కడికి వెళ్లానో చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు. గ్రంథాలయానికే వెళ్లాను. మూసేదాకా పుస్తకాలు తిరగేశాను.

శనివారం నా వంతుకు వచ్చిన మాట సంగమం. అర్థం, పాఠం వాక్యం బాగానే చెప్పాను. రెండోది, "రెండు మహా నాగరికతల సంగమస్థానమందు..." అని మొదలుపెట్టాను. మేష్టారు చెయ్యి అడ్డంగా ఊపి నా పక్కకి చూశారు.

"ఊఁ, నువ్వు?"

వాడు అలవాటుగా నేల చూశాడు. నేను పళ్లు బిగించి అన్నాను, "సెప్పు. సెప్పకపోతే నీ బదులు నేనే బెల్లం కొట్టుకి ఎల్లిపోతాను."

వాడు నా మొహం చూశాడు. అర్థం, పాఠం వాక్యం వల్లించాక, గోడకేసి చూస్తూ చెప్పాడు.

"అస్కా దగ్గర బొడొనది వచ్చి ఋషికుల్యలో కలుస్తాదండి. ఆ సంగమంలో తానం సేసి, మా మావయ్యకి పెద్ద సదువు రావాలని అమ్మ మొక్కుకుందండి."

తరగతిలో ఎవరూ నవ్వలేదు. మేష్టారు "భేష్. ఇక కానీ," అన్నారు.

వాడు బెంచీ వైపు చూశాడు. వాడు బెంచీ ఎక్కకూడదనిపించింది. మోకాళ్ల మీద కూర్చుని తల వంచాను. వాడి వేళ్లు జుట్టుకు ఆనీ ఆననట్టు తగిలాయి.

"అది మొట్టికాయా, అక్షింతలా? గట్టిగా!" అన్నారు మేష్టారు.

ఈసారి ఠంగుమంది. మరుక్షణం వాడు వంగి నా పాదాలు రెండు చేతులతో ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. అప్పుడు తరగతి విరగబడి నవ్వింది. మొట్టికాయకు నొప్పే గానీ, ఆ దణ్ణానికి నేను నేలలోకి దిగిపోయాను.

ఆ రాత్రి వాడు నా పక్కన కంచం పెట్టించుకోలేదు.

"ఏటైందర్రా మీ ఇద్దరికీ?" అంది అక్క.

"నీ కొడుకు ఇవేళ నాకు మొట్టికాయ వేసేడే. బాగా సెప్పేడు. ఆడికి మాటలన్నీ వచ్చు." బావ వినేలా చెప్పాను. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను.

అక్క గరిటెతో వాడి మీదికి లేచింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"హైస్కూలుకి ఎల్తాడే ఆడు."

"ఎల్తే ఎల్లాడు గానీ, మావయ్య బుర్ర మీంచి నడిచి ఎల్లాలేటిరా?" అంది. అంటూనే ఏడ్చింది.

బావ చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ నన్ను ఒకసారి చూశాడు. బెల్లం కొట్టు మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

తరవాతి శనివారం నా వంతు వచ్చేసరికే వాడు వరసలో మూడో చోటికి ఎగబాకాడు. చివర నేను తప్పిన మాట వరస మొదటికి వెళ్లి, ఇద్దరిని దాటి వాడి దగ్గరికి వచ్చింది. మేష్టారు చెప్పకముందే మోకాళ్ల మీదికి దిగాను. వాడు సరిగ్గా మొట్టాడు, కాళ్లు ముట్టుకోలేదు, గబగబా పైకి వెళ్లి నిలబడ్డాడు. నేను కోరింది అదే. లేచి మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ మాత్రం, వాడు వెనక్కి తిరిగి చూడకుండా ఉంటే బాగుండుననుకున్నాను. వాడు చూశాడు.