మామ తోటకు నేను పంపిన నీళ్ళు

చింతామణిలో కుర్చీలోంచి లేవకుండా సోమేనహళ్ళిలోని టొమాటో తోటను నీళ్ళలో ముంచిన మనిషి ఈ చుట్టుపక్కల నేనొక్కడినే అనుకుంటాను. తోట పరాయివాళ్ళది కూడా కాదు, మా మేనమామది. చదివేవాళ్ళలో ఇంజినీర్లుంటే తొందరపడి నవ్వకండి. మీకూ ఒక మామ ఉండే ఉంటాడు.

అప్పట్లో నేను బోరు మోటర్లను ఫోనుతో నడిపే పెట్టెలు అమ్మేవాడిని. పెట్టెను తోటలో స్టార్టరుకు బిగిస్తాం. రైతు ఇంట్లో కూర్చుని ఫోనులో 'ఆన్' ఒత్తితే ఆ మాట ముందు నా సర్వరుకు వస్తుంది. అది ఏ మోటరుకు చెందిన మాటో చూసి, సర్వరు అక్కడికి పంపుతుంది. ఇలా దారి చూపడాన్ని రూటింగ్ అంటారు. రాసింది నేనే. ఆ రోజుల్లో దాని మీద నాకున్నంత నమ్మకం ఆ తరవాత దేవుడి మీద కూడా కుదరలేదు.

మొదటి పెట్టె మామకు బిగించాను. మోకాళ్ళ నొప్పులతో తోట దాకా నడవలేకపోతున్నాడు. "ఒకటో నెంబరు నాకే ఉండల్లప్పా" అన్నాడు. పెద్దవాడు, ఇంట్లో తాంబూలమైనా ముందు ఆయనకే ఇస్తాం. 'మోటరు 1' అని పేరు పెట్టి, సర్వరు పైనుంచి కిందికి చదువుకునే పట్టికలో ఆయన వరుసను అందరికంటే పైన రాశాను. ఆయన మాట మీద ఊళ్ళో ఇంకొందరు తీసుకున్నారు. తొమ్మిది పెట్టెల దాకా ఏ గొడవా లేదు. పదోది మామ తోటకు దిగువనున్న రామక్కది, పదకొండోది నారాయణప్పది. అక్కడ మొదలైంది.

ముందు నారాయణప్ప ఫోన్ చేశాడు. ఎంత ఒత్తినా మోటరు లేవడం లేదట. సర్వరులో చూశాను. మాట వచ్చింది, పంపాను, చేరింది అని రాసి ఉంది. ఎక్కడికి చేరిందో చూడాలని నాకు తోచలేదు. సిగ్నల్ లోపమని తేల్చి పెట్టెలోకి వేరే కంపెనీ సిమ్ము కొనమన్నాను. పాపం, బాగేపల్లికి పోయి కొన్నాడు. లేవలేదు. యాంటెనాను వెదురు గడకు కట్టి ఎత్తులో నిలబెట్టమన్నాను. నిలబెట్టాడు. దాని మీద కాకులు వాలాయి గానీ మోటరు లేవలేదు.

ఆ వారమే మామ ఫోన్ చేశాడు. కొత్తగా టొమాటో నారు నాటి ఉన్నాడు.

"మోటరు దానంతటదే లేస్తాండాదప్పా. ఆపితే మళ్ళా లేస్తాండాది. ఇన్ని నీళ్ళయితే నారు కుళ్ళిపోతాది."

జేబులో ఫోను దానంతటదే ఒత్తుకుపోతోందేమో చూసుకోమన్నాను.

"బనీనుకు జోబీ యాడుండాదప్పా?"

అయినా పెట్టెను మాత్రం చేత్తో ఆపొద్దని, ఆపితే సర్వరు లెక్క తప్పుతుందని గట్టిగా చెప్పాను. ఇంట్లో చదువుకున్నవాడిని నేనే కాబట్టి ఆయన విన్నాడు.

ఒక మోటరు లేవనంటోంది, ఇంకొకటి పడుకోనంటోంది. బుద్ధి ఉన్నవాడెవడైనా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసేవాడు. నేను ఒకటి నారాయణప్ప కర్మ, ఇంకొకటి మామ వయసు అనుకున్నాను. పైగా నాకు రామక్క సాక్ష్యం ఉంది.

"బాగుండాదప్పా. ఒత్తితే నీళ్ళొస్తాండాయి. రోంత ఆలస్యంగా వస్తాయి, అంతే."

"అది నెట్‌వర్క్ అక్కా, మామూలే" అన్నాను. అప్పటి నుంచి ఎవరు ఫిర్యాదు చేసినా రామక్కను చూసి నేర్చుకోమనేవాడిని.

చివరికి అత్త ఫోన్ చేసింది. నారు పసుపు తిరుగుతోందట. మామ మోటరు పక్కన చాప వేసుకుని కూర్చున్నాడట. "చేత్తో ఆపద్దంటివంట కదా. నీ మాట తప్పకూడదని చూస్తా కూసోనుండాడు" అంది. ఇక కుర్చీలో ఉండలేక బండి తీశాను. చిక్కబళ్ళాపురం దాటేదాకా సిమ్ము కంపెనీలను తిట్టుకుంటూనే ఉన్నాను.

తోటలో చీలమండల దాకా దిగబడ్డాను. పెట్టెలో తప్పేమీ లేదని ఇప్పుడే చూపిస్తానని చాప మీదున్న మామతో అన్నాను. రామక్కకు ఫోన్ చేసి ఆన్ ఒత్తమన్నాను.

మా పక్కనున్న మామ మోటరు లేచింది.

ఆఫ్ ఒత్తమన్నాను. ఆగింది. మళ్ళీ ఆన్ అన్నాను. లేచింది.

మామ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ముప్పై ఏండ్లుగా నా మోటరు. ఆయమ్మ మాట ఇంటాండాది" అన్నాడు.

గట్టు మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచాను. నా సర్వరు నెంబరును చివరిదాకా చదవదు. 10 మొదట్లోనూ 1 ఉంది, 11 మొదట్లోనూ 1 ఉంది. పై వరుసలో మామ 1 కనబడగానే సరిపోయిందనుకుని అక్కడికే పంపేస్తోంది. బోర్డు మీద 'చిక్క' వరకే చదివి, చిక్కబళ్ళాపురానికి పోవలసినవాడు చిక్కమగళూరు బస్సెక్కినట్టు. నారాయణప్ప ఎన్నిసార్లు ఒత్తాడో అన్నిసార్లూ మామ తోట తడిసింది.

ఆ గాభరాలో తోచిన మందు ఒక్కటే. మామ వరుసను కత్తిరించి అన్నిటికంటే అడుగున అతికించాను, ఇక 10, 11 వాళ్ళ వరుసలే ముందు తగులుతాయని. నారాయణప్ప మోటరు లేచింది. మామది పడుకుంది. పల్లంలోని సాళ్ళు కుళ్ళిపోయాయి, మిట్టనున్నవి బతికాయి. ఆ కాయలే అత్త మా ఇంటికి పంపింది. అడుగుకు తోసిన సంగతి మామకు చెప్పలేదు. పోయిన ఏడాది ఆయన పోయాడు, పైవరుసలోనే ఉన్నాననుకుంటూ. ఇంట్లో ఆయన్ను తలుచుకుని ఎవరైనా నవ్వారంటే ఆ బనీను మాటకే.

నేను వరుస మార్చిన మరుసటి రోజే రామక్క ఫోన్ చేసింది.

"ఏమప్పా, బాగుండేదాన్ని ఏం చేసి పెట్టినావు? నీళ్ళు రాలే."

మోటరు తిరుగుతోందా అని అడిగాను. తిరుగుతాండాది అంది. మరి ఇన్నాళ్ళూ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవని అడిగాను.

"మీ మామ గట్టు మీంచి. ఫోను నీళ్ళు అట్లే వస్తాయేమో అనుకుంటి."

"మరి నీ బోరులో నీళ్ళు?"

"యాడుండాయప్పా? పోయిన ఎండకాలమే ఎండిపాయె. ఎండిపోయినాదనే కదా నీ పెట్టె తీసుకునింది. ఫోన్లో ఒత్తితే నీళ్ళొస్తాయని నువ్వే చెప్తివి."

చెప్పాను. ఊరూరా తిరిగి అవే మాటలు చెప్పాను.

ఆ రోజే కాళ్ళు చేతులు కడుక్కుని, తూర్పుకు తిరిగి ఒట్టు పెట్టుకున్నాను. అంతా బాగుందన్నవాళ్ళ తోటకే ముందు పోయి చూస్తాను. ఒత్తితే నీళ్ళొస్తాయని ఈ జన్మలో ఎవరికీ చెప్పను. ఒత్తితే మోటరు తిరుగుతుంది. అది కూడా, ఎవరి మోటరన్నది చూసుకున్నాకే చెబుతాను.