విశాలాక్షి టీచరు డాబా మీది ఆరో తరగతి

మొన్న మా బడి స్టాఫ్‌రూములో, కొత్తగా చేరిన లెక్కల టీచరు గొంతు బొంగురుపోయి ఇంటి నుంచి ఫ్లాస్కులో శొంఠి కాఫీ తెచ్చుకుంది. మూత తిప్పీ తిప్పగానే ఆ ఘాటు గదంతా పరుచుకుంది. మిగతావాళ్ళు ముక్కు నలుపుకున్నారు. నేను మాత్రం దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టి, ఉన్నపళంగా శంషాబాదులో ఒక డాబా మీదికి వెళ్ళిపోయాను. నా గొంతు అరిగిపోయిన సాయంత్రాల్లో అక్కడ నాకు శొంఠి కాఫీ పోసిన చెయ్యి విశాలాక్షి టీచరుది. నిరుడు వేసవిలో ఆమె కన్నుమూశారు. ఆమెను ఎరగనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని అప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఘాటు తగిలితే గాని కదలని మనిషిని నేను.

మేము ఆమె ఇంట్లో పై వాటాలో కిరాయికి ఉండేవాళ్ళం. మా బాపు మహేశ్వరం దగ్గరి పల్లె వదిలి, గగన్‌పహాడ్‌లో ఒక గోదాముకు కాపలా పనికి కుదిరాక వచ్చి చేరిన ఇల్లు అది. టీచరుది గుంటూరు వైపు. భర్త ఉద్యోగం వెంట ఇటు వచ్చి, తుక్కుగూడ అవతల సర్కారు బడిలో సైన్సు చెప్పి చెప్పి రిటైరయ్యారు. పేరుకు తగ్గ కళ్ళు. వాటికి మందపాటి అద్దాలు కూడా తోడవడంతో, ఆమె చూస్తే మన తప్పులు మనకే పెద్దవై కనిపించేవి. నేను అప్పుడే బీఎడ్ ముగించాను. పట్టా చేతికొచ్చింది గానీ బడి చేతికి రాలేదు. ప్రైవేటు బడుల్లో ఉద్యోగం ఇచ్చే ముందు పిల్లల ఎదుట ఒక పాఠం చెప్పించి చూస్తారు. దాన్ని డెమో అంటారు. అప్పటికి రెండు బడుల్లో డెమో ఇచ్చాను. రెండు చోట్లా దమ్ము చాలలేదు.

మా వైపు బడుల్లో పాఠానికి ఒక ప్రత్యర్థి ఉంటుంది. విమానం. దిగబోయే విమానం కప్పు మీదుగా వస్తుంటే ముందు కిటికీ ఊచలు సన్నగా వణుకుతాయి, ఆ వెంటనే చెవులు నిండిపోతాయి. నేను ఎంచుకున్నది నీరు ఆవిరయ్యే పాఠం, బాష్పీభవనం. మొదటి డెమోలో విమానంతో పోటీపడి అరిచాను. ‘బాష్పీ’ దగ్గరే గొంతు చీరుకుపోయింది, ఇక భవనం లేవనే లేదు. రెండో డెమోలో భయపడి, అది పోయేదాకా కొయ్యబొమ్మలా నిలబడ్డాను. ఆ సందులో పిల్లలంతా కిటికీల దగ్గరికి ఉరికి విమానానికి టాటా చెప్పారు. హెడ్‌మాస్టరు నాకు టాటా చెప్పారు.

బాపు ఊరుకోలేదు. తెలిసినాయన ద్వారా ఎయిర్‌పోర్టు పార్కింగు కౌంటర్లో పని చూసిపెట్టాడు.

“సోమారం వచ్చి చేరుమన్నరు బిడ్డా. డ్రెస్సిస్తరు, క్యాబు వస్తది. ఇగ ఏం గావాలె?”

“శనివారం ఇంకో బడిల డెమో ఉంది బాపు. గదొక్కటి ఇచ్చి సూస్త.”

“గదీ రాకుంటే?”

“సోమారం కౌంటర్ల కూసుంట. మాటిస్తున్న.”

ఎయిర్‌పోర్టులో ఉద్యోగమంటే ఎవరైనా ఎగిరి గంతేస్తారు. నాకు మాత్రం కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఒకసారి ఆ కౌంటర్లో కూర్చుంటే మళ్ళీ బోర్డు ముందు నిలబడనని నాకు తెలుసు. నా సంగతి నాకు తెలియదా!

ఈ మాటలన్నీ మెట్ల మీద టీచరు చెవిన పడ్డాయి. “అమ్మాయ్, సాయంత్రం పాఠం పట్టుకుని డాబా మీదికి రా” అన్నారు.

పైకి వెళ్ళి చూస్తే తరగతి సిద్ధంగా ఉంది. మా వీధి ఆడవాళ్ళు చాపల మీద వరసగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. నీళ్ళ ట్యాంకు గోడే బోర్డు. టీచరు తన సర్వీసు అంతా ఇదే చేశారట. కొత్త పాఠం బడికి పట్టుకెళ్ళే ముందు వీధివాళ్ళకు చెప్పి చూసుకునేవారట. “పిల్లలకు మొహమాటం తక్కువ. వీళ్ళకు బొత్తిగా లేదు. మొదలుపెట్టు” అన్నారు. నేను గోడ మీద శీర్షిక రాసి, దానికేసే చూస్తూ అందుకున్నాను.

“ఏంది టీచరమ్మా, గోడకు చెప్తున్నవా పాఠం?” ముందు వరసలోంచి బట్టలు కుట్టే యాదమ్మక్క అడిగింది. “మేం గిట్ల కూసున్నం. జర మా దిక్కు సూడు.”

“అక్కా, నువ్విప్పుడు ఆరో తరగతి పిల్లవు. గట్ల అనొద్దు.”

“ఆరో తరగతికి నన్ను పంపినోళ్ళెవరు? ఇప్పుడన్న కూసోనియ్యి.”

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది గానీ, చిక్కుడుకాయలు పక్కకు నెట్టి చేతులు కట్టుకుంది. ఇక ఆ కళ్ళను తప్పించుకుని గోడకు పాఠం చెప్పడం నా వల్ల కాలేదు.

అంతలో విమానం రానే వచ్చింది. అలవాటు కొద్దీ గొంతు పెంచాను.

“ఆపు తల్లీ!” అన్నారు టీచరు, మోత తగ్గాక. “ఎవరికోసం ఆ అరుపు? పైలట్‌కు కూడా అర్థం కావాలనా?”

“మరేం చెయ్యమంటారు టీచర్? అది నా నోరు మూయిస్తోంది.”

“దానితో పోటీ పడకు. దానికి పని చెప్పు.”

విమానాశ్రయం వచ్చిన కొత్తలో ఆమె గొంతూ ఇలాగే పోయిందట. ఒకరోజు మాట బొత్తిగా పెగలక, విమానం వినిపించగానే బోర్డు మీద ప్రశ్న రాసి, నోటి మీద వేలు పెట్టుకుని నిలబడ్డారట. మోత ఆగేసరికి, ఎన్నడూ చెయ్యెత్తని పిల్లలు చేతులెత్తారు. అప్పటి నుంచి ఆమె తరగతికి అదే ఆచారం. ఊచ వణికితే ప్రశ్న, మోత ఆగితే జవాబు. “చురుకైనవాడు ప్రశ్న పూర్తికాకముందే అరిచేస్తాడమ్మా. దాంతో మిగతావాళ్ళు ఆలోచించడం మానేస్తారు. విమానం వాడి నోరు కూడా మూయిస్తుంది. అర్థమైందా?”

అర్థమైందన్నాను. నిజానికి సగమే అర్థమైంది. ఆ వారమంతా డాబా మీద అదే సాధన. యాదమ్మక్క అయితే నాకంటే ముందే చెవులు రిక్కించి, “వస్తున్నది, వస్తున్నది, అడుగు జల్ది!” అని తొందరపెట్టేది. ఆకాశం వైపు చూసే అవసరం లేకుండా, మెట్లగది కిటికీ ఊచల వణుకుతోనే ప్రశ్న వెయ్యడం నేర్చుకున్నాను. శొంఠి కాఫీకి గొంతు కూడా దారికొచ్చింది.

శనివారం బడిలో ప్రిన్సిపాలు వెనక కుర్చీ వేసుకుని చేతులు కట్టుకున్నారు. తడిపిన చేతిరుమాలు చూపించి పాఠం మొదలుపెట్టాను. ప్రశ్న నాలుక చివర సిద్ధంగా ఉంది, చెవి కిటికీ మీద ఉంది. విమానం రాలేదు. ఎండ గురించి కాస్త సాగదీశాను. రాలేదు. చేతిరుమాలు ఆరిపోతోంది, నేను తడిసిపోతున్నాను. గాలి మారిన రోజున విమానాలు అవతలి దిక్కు నుంచి దిగుతాయని ఎవరో తరువాత చెప్పారు. టికెట్టు కొనకుండానే విమానం తప్పిపోయిన మనిషిని బహుశా నేనొక్కదాన్నే.

ముందు బెంచీ కుర్రాడొకడు ప్రశ్న వెయ్యకముందే జవాబు చెప్పడానికి ఊగుతున్నాడు. వాణ్ణి చూస్తుంటే మిగతా సగం అర్థమైంది. టీచరు తరగతిలో పని చేసింది మోత అనుకున్నాను. ఇంతకాలం పని చేసింది ఆమె ఆగడం.

“రాత్రి ఎండ ఉండదు కదా. మరి తడిబట్ట తెల్లారేసరికి ఎట్లా ఆరుతుంది?” అని అడిగి, విమానం వచ్చినట్టే నోటి మీద వేలు పెట్టుకున్నాను. ముందు బెంచీ కుర్రాడికి కూడా అదే సైగ చేశాను.

మోత లేని మౌనం మోతకంటే ఎక్కువగా చెవులు నింపేస్తుందని నాకెవరూ చెప్పలేదు. ప్రిన్సిపాలు కుర్చీలో కదిలారు. పార్కింగు కౌంటరు కళ్ళ ముందు మెదిలింది. జవాబు నేనే చెప్పేద్దామని నా నోరు కొట్టుకులాడింది. వేలితో అదిమి పట్టాను. అప్పుడు వెనక గోడ దగ్గర ఒక పిల్ల చెయ్యి భుజం దాకా లేచి ఆగింది.

“చెప్పమ్మా.”

“ఫ్యాను గాలికి టీచర్. మా అమ్మ రాత్రి ఉతికి ఫ్యాను కింద ఆరేస్తది. పొద్దుగాల మల్ల గదే డ్రెస్సు తొడుక్కోవాలె గద.”

నవ్వబోయిన ముందు బెంచీ నవ్వలేదు. నేను బోర్డు మీద ‘గాలి’ అని రాశాను. అక్కడి నుంచి పాఠం పిల్లలే లాక్కుపోయారు. చెమట అంటాడొకడు, కడిగిన బండలంటుంది ఇంకొకతె, స్నానం చేశాక చలెందుకని మరొకడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. విమానాలను అటు మళ్ళించిందీ, నా పాఠాన్ని గట్టెక్కించిందీ గాలే. గాలివాటు ఉద్యోగమంటే ఇదే కాబోలు!

“జవాబు రాకపోతే కొత్తవాళ్ళు కంగారుపడి తామే చెప్పేస్తారు” అన్నారు ప్రిన్సిపాలు. “మీరు అంతసేపు ఎట్లా ఆగారు మేడం?”

“విమానం పోవాలి కదా సార్” అనేశాను, నోరు జారి.

ఆయన కిటికీలోంచి ఖాళీ ఆకాశం వైపు చూశారు, నా వైపు చూశారు. “సోమవారం వచ్చి చేరండి” అన్నారు.

ఇంటికి పరుగెత్తాను. “సోమారమే చేరుతున్న బాపు! ఇగ నీ మాట నిలబడ్డట్టే” అంటే, బాపు మీసంలోనే నవ్వుకుని, “క్యాబు రాదు మరి” అన్నాడు. యాదమ్మక్క మిషను ఆపి వీధిలోకొచ్చి, “మా క్లాసు మొత్తం పాసైందే!” అని కేకేసింది. విశాలాక్షి టీచరు మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విని, ఒకే మాట అడిగారు.

“జవాబు చెప్పిన పిల్ల పేరేమిటి?”

“అడగలేదు టీచర్.”

“ఉద్యోగం ఇప్పించిన మనిషి పేరు కనుక్కోకుండా వచ్చేశావా? బాగుందమ్మా! సోమవారం వెళ్ళగానే ముందు ఆ పని చెయ్యి.”

సోమవారం హాజరు పిలవకముందే వెనక గోడ దాకా నడిచి అడిగాను. నవనీత. అప్పటి నుంచి ప్రతి జూన్‌లోనూ, కొత్త తరగతిలో ప్రశ్న వేసి ఊరుకుంటాను. ఆ మౌనం ఇప్పటికీ భయపెడుతుంది, నా నోరు ఇప్పటికీ తొందరపడుతుంది. ఎక్కడో ఒక చెయ్యి భుజం దాకా లేచి ఆగుతుంది. జవాబు తరువాత వింటాను. ముందు పేరు అడుగుతాను.