పెళ్ళింట్లో నల్ల కోన్లు

పెళ్ళిళ్ళకు, పండగలకు వెళ్ళి ఆడవాళ్ళ చేతులకూ కాళ్ళకూ మెహందీ పెట్టడం నా పని. రాజమహేంద్రవరంలో ఉంటాను. పుట్టింది మాత్రం ఉప్పాడ పక్కన సముద్రం ఒడ్డున. నాన్న వేటకు వెళ్ళేవాడు, అమ్మ ఆ చేపలు గంపకెత్తుకుని పిఠాపురం బజారులో అమ్మేది. మా వీధిని సముద్రం కోసేశాక ఊరి లోపలికి జరిగి అద్దెకున్నాం. ఆ ఇంట్లోంచే కాకినాడలో డిగ్రీ చదివాను.

కాలేజీలో నా పక్కన కూర్చునే ముస్లిం అమ్మాయి రంజాన్ పండగకు వాళ్ళ పిన్నిచేత చేతులకు మెహందీ పెట్టించుకుని వచ్చేది. నాకు తెలిసిన గోరింటాకు అంటే ఆషాఢంలో అమ్మ రోట్లో రుబ్బి వేళ్ళకు టోపీల్లా తొడిగి, అరచేతిలో ఒక చందమామను అద్దేదే. ఆ అమ్మాయి చేతి మీద మణికట్టు దగ్గర పుట్టిన తీగ ఏటవాలుగా సాగి చూపుడువేలి కొసన ఆగేది. రెండు పెద్ద పువ్వులు, నాలుగు ఆకులు, మిగతాదంతా ఖాళీ. అరబిక్ డిజైన్‌కు ఆ ఖాళీలోనే అందమని వాళ్ళ పిన్నిగారు చెప్పారు. రెండేళ్ళు ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆకు పొడిని పాత నైలాన్ చీరలో జల్లించడం, నిమ్మరసం, పంచదార, నీలగిరి తైలం కలిపి నానబెట్టడం, కోను చుట్టడం అన్నీ ఆవిడ నేర్పినవే. ఆవిడ గట్టిగా చెప్పిన జాగ్రత్త ఒకటే. ఆకు ఎరుపు పండుతుంది, ముదురు గోధుమ రంగు పండుతుంది, నలుపు పండదు. నల్లగా పండిందంటే అందులో తలకు వేసుకునే రంగు కలిసిందని.

ఆవిడ చెప్పినా వినకుండా ఒకసారి తిరునాళ్ళలో నల్ల కోను కొని నా మణికట్టు మీద వేసుకున్నాను. రెండు వారాలు బొబ్బలతో బాధపడ్డాను. అందుచేత నాకు తెలియక జరిగిందని చెప్పుకోవడానికి వీల్లేదు.

మూడేళ్ళ క్రితం రావులపాలెం దాటాక కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్ళో పెళ్ళికి పిలిచారు. భూములున్న పెద్ద కుటుంబం. పెళ్ళికూతుర్ని చేసే రోజుకు ముందురోజు పొద్దున్నే రమ్మన్నారు. పెళ్ళికూతురికి చేతులూ కాళ్ళూ, ఇంకో పదిమంది ఆడవాళ్ళకు ఒక్కో చేతికి అరబిక్ అని మాట్లాడుకున్నాం. దానికి సరిపడా కోన్లు చుట్టుకుని తొలి బస్సుకు వెళ్ళాను.

ఆ ఇంటి పెత్తనమంతా పెళ్ళికూతురి మేనత్తగారిది. అరవై దాటిన మనిషి, బలంగా ఉంటుంది, కూర్చున్న చోటు నుంచే అందరికీ పనులు చెబుతుంది. నేను సంచి దించగానే మీదేవూరమ్మా అని అడిగారు. ఉప్పాడ పక్కనండి అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. చీరలు నేసేవాళ్ళా అని అడిగారు. కాదండి, వేటకెళ్ళేవాళ్ళం అన్నాను.

ఆవిడ కాసేపు నా చేతుల వంకే చూశారు. తర్వాత చాలా మెత్తగా అన్నారు.

"ఏమనుకోకమ్మా. పెళ్ళికూతురు కదా, ఆ చేతులొకసారి సబ్బెట్టి కడుక్కుని రా. సరుకు ముట్టుకుని ఉంటారు, ఆ వాసన ఓ పట్టాన పోదు."

నేను చేప ముట్టుకుని నెల దాటింది. నా చేతులకు నీలగిరి తైలం వాసన తప్ప వేరే వాసన లేదు. అయినా వెళ్ళి పెరట్లో కుళాయి దగ్గర కడుక్కున్నాను. వంటింటి గుమ్మంలో నిలబడిన పనిమనిషి చూస్తోందని మోచేతుల దాకా రుద్దాను. తిరిగొచ్చి చేతులు చాపి చూపించాను కూడా. ఆవిడ చూపించమని అడగలేదు, నేనే చూపించాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

పెళ్ళికూతురు మంచి పిల్ల, బెంగళూరులో ఉద్యోగం. ఆ అమ్మాయి చేతులకు, కాళ్ళకు నాలుగు గంటలు పట్టింది. అరికాలు అంచున తీగ తిప్పుతుంటే కితకితలకు నవ్వుతూ కాలు లాగేసుకునేది. ఆ నాలుగు గంటలూ హాయిగా గడిచాయి. భోజనాల వేళకు అందరికీ లోపల అరిటాకులు వేశారు. నాకు కాగితం ప్లేటులో వడ్డించి వరండా చివర మోటారు గదిలోకి తెచ్చిచ్చారు. పులిహోరతోపాటు పూతరేకు కూడా పెట్టారు. పూతరేకు పెట్టాం కాబట్టి మర్యాదకు లోటు లేదనే లెక్క. ఆ గదిలో ఎరువుల కంపుకు ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

మధ్యాహ్నం హాల్లోకి వచ్చేసరికి పదిమంది కాదు, ముప్పైమందికి పైగా గోడ వార కూర్చుని ఉన్నారు. ఒకరిని చూసి ఒకరు చేతులు చాపేవారు, చేతులయ్యాక కాళ్ళు నా ఒళ్ళో పెట్టేవారు. పారాణి మానేశాం, కాళ్ళకీ ఇదే ఎయ్యి అన్నారు. ముందు కడుక్కోమని నేనెవరికీ చెప్పలేదు. పసుపు, చెమట, పెరటి మట్టి, పగిలిన మడమలు. నాచేత సబ్బుతో చేతులు కడిగించిన మేనత్తగారు కూడా అలాగే కాలు తెచ్చి నా మోకాలి మీద పెట్టారు. మడమ పగుళ్ళలో నల్లగా మురికి గడ్డకట్టి ఉంది. తల దించుకుని తీగ గీస్తూ పోయాను.

మూడు గంటలకు నా కోన్లు అయిపోయాయి. ఇంకా పదిహేనుమంది ఉన్నారు. అయిపోయాయండి అంటే మేనత్తగారు లోపలికెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చారు. బజార్లో కొన్న ఎమర్జెన్సీ కోన్లు. నీ మెహందీ ఎర్రగా పండేసరికి రేపవుతుంది, ఇది అరగంటలో నల్లగా నిగనిగలాడుతుంది, ఫొటోల్లో ఇదే బాగా పడుతుందని చెప్పారు. ఒకటి నొక్కి చూశాను. కిరసనాయిలూ తల రంగూ కలిసినట్టు ఘాటు, ముక్కులోకి కొట్టింది. ఇది మంచిది కాదండి, ఒంటికి పడదు అని ఒక్కసారి అన్నాను. ఊరంతా పెట్టుకుంటున్నారు, నీ ఒక్కదానికే పడలేదా అని పక్కనున్నవాళ్ళు నవ్వారు.

నేను లేచి వచ్చేయవచ్చు. రాలేదు. ఇంత పెద్ద ఇంట్లో పేరొస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ పిలుస్తాయన్న ఆశ ఒకటి, చేపలవాళ్ళ పిల్ల మధ్యలో వదిలేసి పోయిందని అంటారన్న భయం ఒకటి. కోను చేతిలోకి తీసుకున్నాను.

అందరికంటే చివర పెళ్ళికూతురి అక్కగారి కూతురు వచ్చింది. ఏడేళ్ళ పిల్ల, ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. పొద్దుట్నుంచీ నా పక్కనే కూర్చుని, పిన్నికి వేసినట్టే నాకూ వేస్తావా అని అడుగుతూ ఉంది. పిల్లలకు చివర్లో వేస్తానని నేనే కూర్చోబెట్టాను. చివరికి నా చేతిలో మిగిలింది ఆ నల్ల కోనే. రెండు చేతుల వెనకా మణికట్టు నుంచి వేలి దాకా తీగ, మధ్యలో ఒక పువ్వు వేశాను. సగంలో ఉండగా పిల్ల చెయ్యి కాస్త వెనక్కి తీసుకుంది.

"ఆంటీ, మండుతోంది."

"చల్లగా ఉంటుందమ్మా. ఊదుకో."

ఆ మాట అన్నది నేనే. పిల్ల బుగ్గలు పూరించి, పళ్ళు లేని నోటితో తన చేతి మీద తానే ఊదుకుంది. నేను రెండో చెయ్యి అందుకున్నాను. అరగంట తర్వాత కడిగితే తారు పూసినట్టు నల్లగా తేలింది. అందరూ బాగుందన్నారు, ఫొటోలు తీశారు. సాయంత్రం బస్సుకు వచ్చేశాను.

పెళ్ళయిన మర్నాడు పిల్ల తల్లి ఫోన్ చేసింది. ఏడుపు ఆపుకుంటూ మాట్లాడింది. రెండు చేతులూ వాచిపోయాయని, తీగ వేసిన చోటల్లా బొబ్బలెక్కి నీరు కారుతోందని, మా మేనత్తగారేమో చేపలు కోసే చేతులతో పెట్టింది కాబట్టే విషం ఎక్కిందంటున్నారని చెప్పింది. మీరేం కలిపారో చెప్పండి, డాక్టరుకు చెప్పాలి అని అడిగింది. మళ్ళీ చేస్తానని ఫోన్ పెట్టేశాను.

అమ్మ అప్పుడు మా ఇంట్లోనే ఉంది. అన్నవరం మొక్కు తీర్చుకుని, నన్ను చూసి పోదామని వచ్చింది. జరిగిందంతా అమ్మకు చెప్పాను. వాసన మాట, మోటారు గదిలో అన్నం, చేపల చేతుల మాట, అన్నీ వరసగా చెప్పాను. నా తరఫున ఆ ఇంటివాళ్ళని తిడుతుందనుకున్నాను. అమ్మ కూరగాయలు తరగడం ఆపి ఒక్కటే అడిగింది.

"అది మంచిది కాదని నీకు తెలుసా?"

తెలుసన్నాను.

"తెలిసే పెట్టేవా పిల్లకి?"

అమ్మ కత్తిపీట పక్కకు నెట్టి లేచి వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళుగా పాడైన చేప ఒక్కటి కూడా గంపలో ఉంచని మనిషి. ఆవిడ మొహంలో నేను చూసింది కోపం కాదు, అసహ్యం. ఆ ఇంట్లో వాళ్ళ మొహాల్లో కనిపించినదానికి నొచ్చుకున్నాను గానీ, దీనికి మాత్రం నేను అర్హురాలినే.

మరుసటి బస్సుకు ఆ ఊరు వెళ్ళాను. హాల్లో చుట్టాలు ఇంకా ఉన్నారు. పిల్ల వాళ్ళమ్మ ఒడిలో పడుకుని ఉంది. చేతులు రెండూ తడిగుడ్డ మీద పెట్టారు. నేను గీసిన తీగ గీసినట్టే ఉంది. ఆకు ఆకుకూ ఒక బొబ్బ, పువ్వు రేకు రేకుకూ పసుపుపచ్చటి నీరు. డిజైన్ చెక్కు చెదరలేదు. పిల్ల నన్ను చూడగానే చేతులు తల్లి చీర కింద దాచుకుంది.

తప్పు నాదేనండి, ఆ కోను మంచిది కాదని తెలిసి కూడా పెట్టానని అందరి ముందూ చెప్పాను. మేనత్తగారు చప్పున అందుకున్నారు. చూశారా, తనే ఒప్పుకుంది, నేను ముందే చెప్పాను కదా, ఎవర్ని పడితే వాళ్ళని ఇంట్లోకి రానివ్వకూడదని అన్నారు. ఆవిడ చెంపల దగ్గరి జుట్టుకు తలరంగు, చేతులకు నేను పెట్టిన మెహందీ అలాగే ఉన్నాయి. ఆవిడ చర్మానికి ఏమీ కాలేదు.

అప్పుడు పిల్ల తల్లి నన్ను నెమ్మదిగా అడిగింది.

"ఆ కోన్లు మీరు తెచ్చినవేనా?"

"కాదండి. నావి పెళ్ళికూతురుగారికి, మొదట కూర్చున్నవాళ్ళకి సరిపోయాయి. ఇవి అమ్మగారు ఇచ్చినవి."

మేనత్తగారు టీవీ వైపు తిరిగారు. ఆ రోజు హాల్లో కూర్చుని, ఆ పెట్టె ఎవరు తెచ్చారో కళ్ళారా చూసినవాళ్ళు నలుగురైదుగురు అక్కడే ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒకావిడ తన నల్లటి చేతుల్ని పైటలోకి లాక్కుంది. పెళ్ళికూతురి తండ్రిగారు పేపరు మడిచి, అయిందేదో అయింది, పెళ్ళింటి మాట బయటికి పోకూడదు, ఆ అమ్మాయికి మంచినీళ్ళిచ్చి పంపించండి అన్నారు. నీళ్ళు కాగితం గ్లాసులో వచ్చాయి. నేను తాగలేదు.

పిల్ల తల్లి ఒక్కతే లేచింది. పిల్లను భుజాన వేసుకుని, మీరూ రండి, డాక్టరుగారికి ఆ వాసన ఎలా ఉందో మీరే చెప్పాలి అంది. మేనత్తగారు వెనక నుంచి ఏదో అంటున్నా వినిపించుకోలేదు. అట్టపెట్టెలో మిగిలిన ఒక కోను సంచిలో వేసుకుంది. కారులో రాజమహేంద్రవరం దాకా ఆ అమ్మాయి నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నన్ను క్షమించి తీసుకెళ్ళలేదు, పని ఉండి తీసుకెళ్ళింది. అది నాకు సబబుగానే తోచింది.

చర్మం డాక్టరుగారు కోను మూత తీసి వాసన చూసి పక్కన పెట్టేశారు. ఇది తలరంగులో వాడే మందు అని, పిల్ల ఒంటికి ఇక జన్మలో ఆ రంగు తగలకూడదని చెప్పారు. ఇంత చదువుకున్నవాళ్ళు పసిపిల్లకు ఇదెలా పెట్టించారమ్మా అని తల్లిని కేకలేశారు. పెట్టింది నేనండి అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందకు చూసి, మందుచీటీ రాసుకుంటూ తల తిప్పుకున్నారు.

పిల్లకు తగ్గడానికి నెల పట్టింది. తల్లి ఒక్కసారి ఫొటో పంపింది. బొబ్బలు మాని, తీగ ఉన్న చోట తెల్లగా మచ్చ మిగిలింది. కింద ఏమీ రాయలేదు.

అప్పట్నుంచీ మాట్లాడుకునేటప్పుడే చెబుతున్నాను, నల్ల కోను నేను ముట్టనని, నేను ఉన్న గదిలో ఇంకొకరు పెట్టినా లేచి వచ్చేస్తానని. అలా రెండు పెళ్ళిళ్ళ మధ్యలోంచి లేచి వచ్చాను. కొందరు పొగరనుకుంటారు. పిలిచేవాళ్ళు తగ్గారు, కానీ పని జరుగుతోంది.

పోయిన శ్రావణంలో ఆ మేనత్తగారే ఫోన్ చేశారు. గొంతు గుర్తుపట్టాను. రెండో తమ్ముడి కూతురికి పెళ్ళి కుదిరిందని, అరబిక్ డిజైన్ నీలా వేసేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరని, పాత సంగతులు మనసులో పెట్టుకోవద్దని అన్నారు. పిల్ల చేతులు ఎలా ఉన్నాయండి అని అడిగాను.

"ఏ పిల్ల?" అన్నారావిడ.

చెప్పాను. ఓ, అదా, బానే ఉంది, పిల్లలకి ఏదోకటి వస్తూనే ఉంటుంది అని, ఈసారి ఎంతమంది ఉంటారో చెప్పడం మొదలుపెట్టారు. నేను రానండి అని ఫోన్ పెట్టేశాను. తర్వాత చాలాసేపు చేతులకు ఏదో అంటుకున్నట్టే అనిపించింది. ఆవిడ మాట వల్లనో, ఊదుకోమని ఆ పిల్లతో నేనన్న మాట వల్లనో తేల్చుకోలేకపోయాను.