మొదటి నోటీసు తనకే అడిగిన మనిషి

మా పెద్దనాయన పోయారన్న కబురు నాకు ఆళ్లగడ్డ బస్టాండులో తెలిసింది. నంద్యాల బస్సు దిగిన ఆయన ఫ్యాక్టరీ డ్రైవరు నన్ను చూసి, భుజం మీద చెయ్యి వేసి సంగతి చెప్పాడు. పొద్దున రాళ్ల లారీ దించుతుండగా గుండె పట్టుకుని కూర్చున్నారట. ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. "లారీ సాంతం దించినాక పోదామన్నాడప్పా," అన్నాడు డ్రైవరు. ఆ మాటకు నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. నాకు దేనికైనా ముందు వచ్చేది కోపమే. ఆ సంగతి ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇది చదువుతున్న మీలో కొందరి ఇళ్లలో ఆయన అమ్మిన బండలే పరిచి ఉంటారు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే దారిలో ఆయనకొక చిన్న పాలిష్ ఫ్యాక్టరీ. బనగానపల్లె వైపు నుంచి వచ్చే నాపరాళ్లను కోసి, నునుపు చేసి అమ్మేవారు. కోసేటప్పుడు రాయి మీద నీళ్లు పడుతూనే ఉండాలి. ఆ నీళ్లు రాతిపొడి కలుపుకుని తెల్లటి బురదై బయటికి వస్తాయి. చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ దాన్ని నేరుగా పక్కనే పారే వంకలోకి వదిలేవి. కింది పొలాల్లో అది ఎండి సిమెంటు పూసినట్టు పట్టుకునేది. నాటిన వరికి వేళ్లు దిగేవి కావు.

ఒకరోజు కింది రైతొకాయన ఎండిన బురద పెళ్ల ఒకటి తెచ్చి పెద్దనాయన బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడట. ఆ వేసవిలోనే ఈయన బురద తేరే తొట్లు కట్టించారు. ఒక తొట్టిలోంచి ఇంకోదాంట్లోకి పారి, తేరిన నీళ్లు మళ్లీ కోతకే వచ్చేవి.

తొంభైల చివర నేను చదువు ఆపేసి కరపత్రాలు చదవడంలో పడ్డాను. చదివింది చాలక రాశాను కూడా. పెట్టుబడిని, విదేశీ అప్పులను, ఢిల్లీని, హైదరాబాదును ఏకిపారేసి, నంద్యాలలో అచ్చువేయించి, తెచ్చి ఆయన గేటు దగ్గరే పంచాను. ఆయన ఒకటి తీసుకుని, అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు.

"బాగా రాసినావురా అబ్బీ. లోకమంతా తిట్టినావు. మన వంక పేరు యాడ?"

"కోపం ఉండాల. దానికి అడ్రసు గూడా ఉండాల," అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. పారేస్తారనుకున్నాను. పారేయలేదు.

పేపరు రాగానే ఆయన ముందు చదివేది సర్కారు ప్రకటనలు. మంత్రుల ఉపన్యాసాలున్న పేజీ నాకు ఇచ్చేసేవారు. నాయకులు మాట్లాడింది గాలికి పోతుంది, అచ్చేసింది మాత్రం అడగొచ్చు అనేవారు. పాలిష్ అయిన బండ మీద చెప్పులు విడిచి నడిచి చూసేవారు. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడే ఆగి, ఎవరినీ తిట్టకుండా, కాలి బొటనవేలితో చూపించేవారు.

తొట్లు కట్టినందుకు ఆయన బండ ధర పెరిగింది. మేస్త్రీలు పక్క ఫ్యాక్టరీల వైపు తిరిగారు. ఇట్లాగే సాగితే ఫ్యాక్టరీ మూసెయ్యాలి, లేదంటే ఆయన కూడా వంకలోకి వదలాలి. వంకను పాడు చేసేవాళ్ల బండలు కొనొద్దని ఊరూరా ప్రచారం చేద్దామన్నాను. ఆయన నవ్వారు.

"ఇల్లు కట్టేటోడు అప్పు చేసి కడతాండాడు. చవగ్గా దొరికేది కొనకుండా ఎట్లుంటాడు? తప్పు వానిది గాదురా. మంచిగా చేసేటోనికే నష్టమొచ్చేటట్టు ఉండాది ఈ యాపారం. దాన్ని సరిచేయాల్సింది సర్కారు. రూలు అందరికీ ఒకటే అయితే నా బండా వాళ్ల బండా ఒకే ధర."

బురద వంకలోకి వదలకూడదన్న రూలు ఎప్పటినుంచో ఉంది. అడిగేవాళ్లే లేరు. నేనూ వెంట వస్తానని పట్టుబట్టి ఆయనతో జిల్లా ఆఫీసుకు వెళ్లాను. అక్కడి అధికారి, గిట్టనివాళ్ల మీద ఫిర్యాదులు చాలా వస్తుంటాయన్నాడు. నేను కుర్చీలోంచి లేవబోతే పెద్దనాయన నా మోకాలు పట్టి కూర్చోబెట్టారు. తెల్లకాగితం అడిగి తీసుకుని రాశారు. వానాకాలంలో తన తొట్లు కూడా పొర్లి వంకలో కలుస్తున్నాయని, మొదటి నోటీసు తనకే ఇచ్చి, ఆ తర్వాత ఒక్కరినీ వదలకుండా అందరికీ ఇవ్వాలని. కింద ఇంకో మాట చేర్చారు: ఎండిన బురద పోసుకోవడానికి సర్కారు బీడు భూమి చూపాలని. స్థలం చూపకుండా రూలు అమలుచేస్తే చిన్నవాడు రాత్రిపూట దొంగగా పోస్తాడని అధికారికి నెమ్మదిగా చెప్పారు.

నోటీసు వచ్చింది. తొట్లు సరయ్యేదాకా ఫ్యాక్టరీ ఆగింది. మిగతా యజమానులు కట్టగట్టుకుని వచ్చారు. "నీ ఇంటికి నువ్వే పోలీసోళ్లను పిల్చుకుంటాండావు. మతి ఉండాదా అన్నా నీకు?" అని ఒకాయన వెటకారం చేశాడు. ఈయన వాళ్లకు మజ్జిగ ఇప్పించి, మీరూ పిలుచుకుంటే నాకు తోడుంటారు కదప్పా అన్నారు. కూలీలు మా గతి ఏందని అడిగితే మాత్రం ఆ నవ్వు లేదు. అందరినీ తొట్ల గట్లు ఎత్తే పనికి పెట్టి, పెద్దమ్మ గాజులు కుదువబెట్టి కూలి ఇచ్చారు.

తర్వాత మిగతావాళ్లకూ నోటీసులు వెళ్లాయి, ఏటా తనిఖీ మొదలైంది. బీడు స్థలం కోసం ఆయన తిరిగిన తిరుగుడు నేను చూశాను. నేనైతే మూడో రోజుకే ఏ బల్లో విరగ్గొట్టి ఉండేవాణ్ణి. ఆయన అదే చొక్కా, అదే మాట. చివరికి సర్కారు స్థలం ఇచ్చింది. వెటకారం చేసిన యజమానే ఒకనాడు తొట్ల కొలతలు అడగడానికి వస్తే, దగ్గరుండి చూపించారు.

అంతా బాగైపోయిందని నేను రాయను. గట్టిగా వానొచ్చిన రోజు చూసుకుని వంకలోకి వదిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లెవరో నాకు తెలుసు. ఈసారి కరపత్రంలో వంక పేరు, ఫ్యాక్టరీల పేర్లు, అడగాల్సిన ఆఫీసు పేరు ఉంటాయి. ఏటా వచ్చే తనిఖీ ఆగకుండా చూసే పని ఇకమీద నాది.

ఆయన్ను సాగనంపిన మర్నాడే తనిఖీవాళ్లు జీపులో వచ్చారు. విషయం వాళ్లకు గేటు దగ్గరే తెలిసింది. మళ్లీ వచ్చే ఏడు వస్తామని, ఈ ఏటికి బాగుందని రాసుకుంటామని అధికారి అన్నాడు. నాకూ అదే న్యాయమనిపించింది. పెద్దమ్మ ఫ్యాక్టరీ ఆవరణలోనే ఉన్న ఇంట్లోంచి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"చూడకుండా బాగుందని ఎట్ల రాస్తావు నాయనా? మాకు రాస్తే అందరికీ రాయాల్సొస్తాది. లోపలికి రా," అంది.

కూలీలు లేచి యంత్రాలు వేశారు. బురద నీళ్లు మొదటి తొట్టిలోకి పారాయి. అధికారి చెప్పులు విడిచి, చివరి తొట్టి గట్టు మీద కూర్చుని సీసా ముంచాడు. ఎత్తి ఎండకు పట్టాడు. పెద్దమ్మ కొంగు తలమీదికి లాక్కుని, ఆ సీసా అడుగుకు ఏమైనా దిగుతుందేమోనని రెప్ప వేయకుండా చూస్తూ నిలబడింది.