మిరియాల కాపలా

మాది అఫ్జల్‌గంజ్‌లో కిరాణా దుకాణం. ఆ ఎండాకాలం చివర కర్పూరం డబ్బా తూచితే రెండు కిలోలకు కిలోన్నరే తేలింది.

బాపు డబ్బాలోకి తొంగిచూశారు. మిరియాలు ఉన్నాయి. కర్పూరంలో నాలుగు మిరియాలు వేస్తే గాలికి పోదని మా ఇంట్లో గట్టి నమ్మకం. అంత కాపలా ఉన్నా తగ్గిందంటే ఎవరో తీసినట్టే. ఆ డబ్బా ముట్టేది పొట్లాలు కట్టే పెద్దమ్మ ఒక్కతే.

"ఇరవై ఏండ్ల సంది కడుతున్న. గిప్పుడు దొంగనైతినా?" అంటూ ఆమె కొక్కేనికున్న తన సంచి తీసి భుజాన వేసుకుంది.

అసలు దోషిని నేను. డబ్బా మూత పగిలింది, కొత్తది తెమ్మంటే, మిరియాలున్నాయి కదా అని రెండు నెలలు తేలేదు. డిగ్రీలో నాది కెమిస్ట్రీ, చెప్పుకోకూడదు గానీ. దుకాణమంతా కర్పూరం వాసన; అది ఎటు పోయిందో ముక్కుకు తెలుసు, మాకే తెలియలేదు.

తప్పు ఒప్పుకుని ఊరుకోక పాఠం ఎత్తుకున్నాను.

"ఉప్పుల ప్లస్ అయాన్లు, మైనస్ అయాన్లు ఉంటయ్ బాపూ. ఒక్కోదాన్ని చుట్టూ ఉన్నవన్నీ గట్టిగ పట్టుకుంటయ్. కర్పూరం గట్ల కాదు. ఒక అణువు లోపల బంధాలు గట్టియే గానీ, అణువుకు అణువుకు మధ్య ఆకర్షణ తక్కువ. మూత లేకుంటే లేచి పోతది."

"మిరియాలుండంగ ఎట్ల పోతది? ఆమెను కాపాడనీకి కథలు చెప్పకు."

"లెక్చర్ బంద్ చెయ్ బిడ్డా," అంది పెద్దమ్మ. "తూచి సూపిద్దాం."

చిన్న త్రాసు దించింది. ఒక పళ్లెంలో దంచిన కర్పూరం, పైన నాలుగు మిరియాలు. రెండోదాంట్లో ఉప్పు, ముల్లు నడిమికి వచ్చేదాకా గింజ గింజగా. పొడి ఎగిరిందంటారని ఫ్యాన్ ఆపించింది. సంచి భుజాన ఉంచుకునే, చేతులు ఒడిలో పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. మూడేళ్ల ప్రాక్టికల్స్‌లో నేనొక్కసారీ అంత శ్రద్ధగా తూచలేదు.

సాయంత్రానికి ఉప్పు పళ్లెం కిందికి దిగింది. మిరియాలు నాలుగూ ఎక్కడివక్కడే, డ్యూటీలో ఉన్నాయి.

బాపు ముల్లును వేలితో తట్టి చూశారు. "తప్పయింది అక్కా."

ఆమె సంచిని తిరిగి కొక్కేనికి తగిలించింది. మిరియాలు ఏరి బాపు అరచేతిలో పెట్టింది.

"ఇవి చారుల ఏస్కో. డబ్బాకు మూత తెప్పియ్యి."

ఇద్దరూ నా వైపు చూశారు. ఈసారి పాఠం చెప్పకుండా పరుగెత్తాను.